గంప క్రింది సంసారము

కోవెలకుంట్లనుండి బనగానపల్లెకు పోవు దారిలోని పల్లెలలో నేటికిని నిలిచియున్న పాత మిద్దెల ముందర, నల్లని కడప బండలు పరచిన అరుగులు అక్కడక్కడ కనబడుచునే యున్నవి. కొంచెము వంగి ఆ అరుగు ప్రక్కగోడను పరికించినచో, నేలకు ఆనుకొని, జానెడు వెడల్పును మూరెడు ఎత్తును గల కన్నమొకటి సిమెంటుతో పూడ్చబడియుండుట గోచరించును. పూడ్చని చోటులలో తెగిన చెప్పులు, కాలిపోయిన మోటారు స్టార్టరు, పిల్లల విరిగిన బ్యాటు చేరియున్నవి. ఈ నడుమ అట్టి యొక యింటి ముందు కూర్చుండి, ఆ కన్నము దేనికని ఆ యింటి బాలుని నడుగగా, వాడు అప్పుడే దానిని మొదటిసారి చూచినట్లు చూచి, "కరెంటు మీటరు పెట్టేదానికేమో తాతా" అని బదులు చెప్పెను.

ఆ కన్నము కోళ్ళగూటిదని వానికి తెలియదు. కోడి మాత్రము మా సీమను విడిచి ఎక్కడికిని పోలేదు. కడపనుండి కర్నూలునకు పోవు రాజమార్గమున మైలునకొక భోజనశాల ముందర "రాగిసంగటి, నాటుకోడి పులుసు" అను అక్షరములు రంగురంగుల దీపముల నడుమ వెలుగుచునే యున్నవి. గూడు పోయి బోర్డు వచ్చినది. ఆ గూటికిని ఈ బోర్డునకును నడుమ ఏమి జరిగినదో, ఆ మార్పులో ఎవరికేమి దక్కినదో ఎవరికేమి జారిపోయినదో, చూచినంతవరకు చెప్పుటకే ఈ ప్రయత్నము. కోవెలకుంట్ల, బనగానపల్లెలు 2022లో నంద్యాల జిల్లాలో చేరినవి. అయినను ఆ నాటి మాట చెప్పునపుడు నా నోట కర్నూలు జిల్లా యనియే వచ్చును.

గూడు

ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లకు మించని వాన, అదియు అడిగినపుడు రాక అక్కరలేనపుడు వచ్చు వాన, ఏ నేలమీద పడునో ఆ నేలమీద మనుష్యుడు ఒక్క పంటను నమ్ముకొని బ్రదుకజాలడు. ధాత కరువును కన్నవారి మనుమలు, గంజి కేంద్రముల యెదుట చెంబులు పట్టుకొని నిలిచినవారి బిడ్డలు మా పెద్దలు. రేగడి చేనిలో జొన్న యెండినను, ఎర్రనేలలో వేరుసెనగ ఊడలు దిగకున్నను, ఇంటిలో ఏదో యొకటి ప్రాణముతో పెరుగుచుండవలెనను వివేకము వారికి పుట్టుకతో అబ్బినది. కనుకనే ఎద్దులు లేని యిల్లు ఉండెను గాని, నాలుగు కోళ్ళయినను రెండు మేకలయినను లేని యిల్లు మా పల్లెలో ఉండలేదు.

గూడు అరుగు క్రిందనే. అరుగు కట్టునపుడే మేస్త్రీ లోపల బోలుగా విడిచి, పైన బండలు పరచెడివాడు. పగలంతయు మనుష్యులు ఆ బండలమీద కూర్చుండి లోకాభిరామాయణము చెప్పుకొనెడివారు. రాత్రి వారి క్రింద కోళ్ళు ముడుచుకొని నిదురించెడివి. కన్నమునకు అడ్డముగా ఒక బండపలక, దానిని కదలకుండ పట్టుటకు ఒక గుండురాయి. అంతకుమించిన తలుపు లేదు. ఆ రాతిని నిర్లక్ష్యముగా పెట్టిన రాత్రి ముంగిసయో జంగపిల్లియో పని కానిచ్చుకొని పోయెడిది. ఏడాదికి రెండు మారులు గూటిలోని పెంటను ఊడ్చి, పొయ్యిబూడిద చల్లి, ఎర్రమలనుండి కట్టెలు తెచ్చువారిచేత సీతాఫలపు ఆకు తెప్పించి లోపల పరచెడివారు. దానితో కోడిపేలు సగము తగ్గిపోయెడివి. ఊడ్చిన పెంట మిరపమళ్ళకు పోయెడిది.

తెల్లవారుజామున పుంజు కూసిన తరువాత మా జేజి, అనగా నాయనమ్మ, లేచి, కళ్ళాపి చల్లక ముందే గూటి యొద్దకు వచ్చెడిది. రాతిని జరిపి, పలకను సగము మాత్రమే తెరచి, ఎడమచేతితో ఒక్కొక్క పెట్టను బయటికి తీసి, చంకలో ఇరికించుకొని, కుడిచేతి చిటికెనవ్రేలితో దాని తోక క్రింద తడవి చూచెడిది. వ్రేలికి గట్టిగా తగిలినచో ఆ దినము గుడ్డు కలదన్నమాట. అట్టి పెట్టను విడువక గంప క్రింద మూసి, లేనిదానిని వాకిటిలోనికి వదలెడిది. నేను నిద్రకన్నులతో ప్రక్కన నిలిచి పలక పట్టుకొనుట నా వంతు.

"అబ్బీ, ఆ నల్లపెట్టను ఇడ్సాకు. గుడ్డుండాది. ఇడిస్తే పోయి ఎవరి వామిలోనో పెట్టొస్తాది" అని ఆమె హెచ్చరించెడిది.

గుడ్డు పెట్టిన కోడి ఊరంతయు వినునట్లు కేకలు వేయుట యెరిగినదే గదా. ఆ కేక విని, వేడి తగ్గని గుడ్డును తీసి, చెంపకు ఆనించుకొని, రాగులు పోసిన కుండలో కొన దిగువకు వచ్చునట్లు గ్రుచ్చి దాచుట మాకు పండుగ. ఏ గుడ్డు ఏ పెట్టదో జేజికి రూపము చూడగనే తెలియును. డేగపెట్టది కోలగుడ్డు; బొట్లపెట్టది పెంకు పలుచన; మెడమీద ఈకలు లేని పెట్టది చిన్నదయినను ఎన్నడును మురిగిపోదు. పుస్తకమునకెక్కని ఈ పద్దులన్నియు ఆమె నోటనే యుండెను.

గంప

పది పండ్రెండు గుడ్లు పెట్టిన తరువాత పెట్ట గూటినుండి లేవక, ఈకలు ఉబ్బించుకొని, చెంతకు పోయినవారిని కసరుచు, గొంతు మార్చి కొక్కొక్కుమని సణుగుట మొదలిడును. "పెట్ట పొదుక్కొచ్చింది" అని జేజి ప్రకటించెడిది. పొదిగించుట ఇష్టము లేనిచో దానిని నీటిలో ముంచి లేపుటయో, ముక్కులో దాని యీకనే గ్రుచ్చి విడుచుటయో చేసెడివారు. నాలుగు దినములకు ఆ మోహము వదలి మరల మేతకు పోయెడిది. నడివేసవిలో పొదుగవేయరు, గుడ్లు ఎండకు చెడును. చిత్తడి వానలలో వేయరు, పిల్లలు తట్టుకొనవు. కార్తికము మొదలుకొని శివరాత్రి వరకును మంచి కాలము.

పాత గంపలో ఇసుకయు దానిపై వరిగడ్డియు పరచి, బేసి సంఖ్యగా తొమ్మిదియో పదునొకండో పదుమూడో గుడ్లు పేర్చెడివారు. వాని నడుమ ఒక ఇనుపమేకును ఒక బొగ్గుముక్కను ఉంచుట విధి. ఉరుము ఉరిమినచో లోపలి పిండము అదరి చెడకుండుటకని నమ్మకము. ఆ మేకు ఉరుమును ఎంత ఆపెనో నాకు తెలియదు గాని, గుడ్లకు చేసిన మర్యాదగా అది నా మనసున నిలిచిపోయినది. పొదుగవేసిన దినమున జేజి గోడమీద బొగ్గుతో ఒక గీత గీసెడిది, దినమునకొక గీత, ఇరువదియొకటవ గీతతో ఆ లెక్క ముగిసెడిది. ఏడెనిమిది గీతలయిన పిదప గుడ్లను ఒక్కొక్కటిగా తలుపుసందున పడు ఎండకు అడ్డముగా పట్టి, లోపల నల్లని నీడ కట్టినదానిని మరల పెట్ట క్రిందను, తేటగా నున్నదానిని ప్రక్కను పెట్టెడిది.

పందొమ్మిదవ ఇరువదవ గీతల నాటికి మేము గంపకు చెవి ఆనించి కూర్చుండెడివారము. పెంకు లోపలినుండియే పిల్ల పలుకును. పైనుండి తల్లి తగ్గుస్వరముతో బదులు పలుకును. పుట్టకమునుపే వానికిని తల్లికిని సంభాషణ కుదిరెడిది.

పిల్లలు దిగిన తరువాత వాని మేత పిల్లవాండ్ర పని. కొర్రనూకలు సరిపోవు; పిల్ల బలియుటకు పురుగు కావలెను. అందుకొక తంత్రముండెను. ఓటికుండలో ఎండు పేడపిడకల పొడియు చొప్పముక్కలును కుక్కి, నీళ్ళు చిలికి, చేని గట్టున చెదలు సంచరించుచోట సాయంకాలము బోర్లించి రావలెను. మరునాటి యుదయమున ఎండ యెక్కక మునుపే పోయి కుండను తిప్పినచో లోపలంతయు తెల్లని చెదలు కదలుచుండెడివి. ఆ కుండను ఎత్తుకొని పరుగున వచ్చి వాకిట చాటలో గ్రుమ్మరించుటయే తడవు, తల్లికోడి ఒక్కదానిని ముక్కుతో పట్టి పైకెత్తి మరల వదలుచు పిల్లలను పిలుచును. అవి తల్లి కాళ్ళ సందున దూరి ఏరుకొనును. ఇంటి దూలములను తినివేయు శత్రువును కోడిపిల్ల పొట్టలోనికి పంపి, దానినే గుడ్డుగా మరల తీసికొన్న ఆ ఉపాయమునకు ఖర్చన్నది లేదు.

గద్ద నీడ నేలమీద జారగనే తల్లి యొక్క కేక వేయును. మరుక్షణమున వాకిట పిల్ల యొక్కటియు కనబడదు; రెక్కల అంచున ముక్కులు మాత్రము కనబడును. ఇంత చేసినను పది పిల్లలలో నాలుగు పెద్దవగుట గొప్ప. మిగిలినవి గద్దకు, కాకికి, పిల్లికి, మంచునకు చెల్లెడివి. ఈ నష్టమును లెక్కలో వేసికొనియే ఆ కాలపు కాపురము నడచినది.

బేరము

ఈ కోళ్ళు ఎవరివి అను ప్రశ్నకు ఆ నాడు ప్రతి యింటను ఒకే సమాధానము. చేను మగవానిది, ఎద్దులు మగవానివి, వేరుసెనగ అమ్మిన రూకలు మగవానివి. కోడి మాత్రము ఆడుదానిది. గుడ్లు నాలుగు ఒడిలో వేసికొని అంగటికి పోయినచో ఉప్పు, చింతపండు, కిరసనాయిలు వచ్చెడివి. బడికి పోవు పిల్లవానికి పలక వచ్చెడిది. పుట్టింటికి పోవు కోడలి చేతికి బస్సుచార్జీ వచ్చెడిది. మగవాడు ఇంటిలో లేని వేళ బిడ్డకు జ్వరము తగిలినచో, ఎవరి ముఖమును చూడక, గూటిలో చేయిపెట్టి ఒక పుంజును తీసికొని పోయెడిది. ఆ ధనమునకు మగవాడు లెక్క అడుగడు. అడుగుట మర్యాద కాదు.

వారమునకొకమారు కోళ్ళ సాయిబు సైకిలు వెనుక వెదురు తట్ట కట్టుకొని, హ్యాండిలునకు ఇరువైపుల కాళ్ళు కట్టిన కోళ్ళు వ్రేలాడగా, గంట కొట్టుచు వచ్చెడివాడు. వాని బేరము చూడదగినది. కోడిని చేతిలో తూచి, రొమ్ముటెముకను వ్రేళ్ళతో నొక్కి, రెక్క విప్పి చూచి, పెదవి విరిచి సగము ధర చెప్పెడివాడు.

"ఏం పెద్దమ్మా, ఈ సారన్నా ఆ పెట్టనిస్తావా?"

"పెట్టనమ్మితే గూడమ్మినట్లే నాయనా. పుంజును జూడు, మాట్లాడు."

అదియే ఆమె అర్థశాస్త్రమంతయు. పుంజు వడ్డీ, పెట్ట అసలు.

ఇల్లు పూర్తిగా వట్టిపోయిన విధవకో, క్రొత్తగా వేరుపడిన కోడలికో ఆ అసలు మొదట ఎట్లు దొరకెడిదన, సరిపాలుకు ఇచ్చెడి పద్ధతి యుండెను. జేజి ఒక పెట్టను ఆమె కిచ్చును. ఆమె పొదిగించి సాకును. పిల్లలు రెక్కలు వచ్చిన తరువాత చెరిసగము. తల్లి మరల జేజి గూటికి వచ్చును. మేకలకును ఇదియే న్యాయము. పత్రము లేదు, సాక్షి లేడు, పిల్లను పిల్లి తిన్నదని చెప్పినచో ఆ మాటయే ఋజువు. మాట తప్పినవారికి మరి యెవరును పెట్టనిచ్చెడివారు కారు గనుక, అబద్ధము ఖరీదయిన వస్తువుగా నుండెను.

మేకను గూర్చి కూడ ఒక మాట. ఇంటివెనుక గుంజకు కట్టిన రెండు మేకలు తుమ్మకాయలు, వేపమండలు తిని, అంటు కడిగిన గంజి త్రాగి బ్రదికెడివి. బడినుండి వచ్చుదారిలో తుమ్మచెట్ల క్రింద రాలిన కాయలను చొక్కా జేబులనిండ నింపుకొని వచ్చుట మా కందరికిని వాడుక. తల్లిపాలు చాలని పసిబిడ్డకు మేకపాలు. సుంకులమ్మ మ్రొక్కునకు పోతుపిల్ల. బిడ్డ పెండ్లికి మూడేండ్లు పెంచిన మంద. ఎంత చిన్న బ్రదుకునకయినను ఏదో యొక తేదీ పెట్టుకొని పెరుగుచున్న జీవమొకటి గుంజకు కట్టియుండెడిది.

ఇక అల్లుడు వచ్చిననాటి సంగతి చెప్పనేల? వాకిట చెప్పుల చప్పుడు కాగానే పుంజునకు ఏమో తెలిసిపోయి వామి యెక్కెడిది. పిల్లవాండ్రమందరమును దానిని తరుముటయు, పట్టినదానిని ముల్లా యొద్దకు తీసికొనిపోయి కోయించుకొని వచ్చుటయు, ఇంటిలో రోటియందు ధనియములు, ఎండుకొబ్బరి నూరుచుండుటయు, ఊరంతకును ఆ యింటికి చుట్టము వచ్చెనని వాసనచేత తెలియుటయు జరిగెడివి. మాంసము తినుట ఆ నాడు నిత్యవిధి కాదు. ఎవరో రావలెను, లేదా ఏ దేవతకో మ్రొక్కు చెల్లవలెను.

పార్సిలు

సామూహికాభివృద్ధి పథకము దేశమున 1952 అక్టోబరు 2న ఆరంభమైనది. మా వైపు బ్లాకు ఆఫీసు వెలసి, గ్రామసేవకులు ఖాకీ నిక్కర్లతో సైకిళ్ళమీద తిరుగుచు మేలురకపు విత్తనము, ఎరువు, టీకా అను మాటలను పల్లెలకు తెచ్చిరి. మా చిన్నాయన ఆ కొలువులో చేరినవాడు. వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్ అను సీమజాతుల పేర్లు అతని నోటనే మొదట వింటిమి. నాటుపుంజును తెచ్చి యిచ్చినవారికి మేలుజాతి పుంజును బదులిచ్చెడి పథకము కొన్నాళ్ళు నడచెను. పిమ్మట ఒకదినము వయస్సుగల పిల్లలను రైలు పార్సిలుగా తెప్పించు వాడుక వచ్చెను.

కార్డు వచ్చెడిది: ఫలానా దినమున ఫలానా బండికి పిల్లలు బయలుదేరుచున్నవి, స్టేషనులో సిద్ధముగా నుండి విడిపించుకొనవలెను. అంతట ఇంటిలో హడావుడి. కొట్టములో ఒక మూల అలికి, పాత పత్రికలు పరచి, పెద్దగంప నొకదానిని కప్పునుండి వ్రేలాడగట్టి, దాని క్రింద హరికేన్ లాంతరు నమర్చి, చిన్నాయన ఉష్ణమాపకము నొకటి ప్రక్కన తగిలించెను. మొదటివారము తొంబదియైదు డిగ్రీల ఫారెన్‌హీటు. తరువాత వారమునకు అయిదేసి డిగ్రీలు తగ్గింపవలెనట. జేజి గుమ్మమున నిలిచి ఈ సన్నాహమంతయు చూచి, "తల్లి రెక్క ఎన్ని డిగ్రీలుంటాదో దానికి తెలుసా, నీకు తెలుసా?" అని మాత్రము అనెను.

డోన్ స్టేషను మాకు బయటి లోకమునకు వాకిలి. బెంగుళూరు వైపునుండి వచ్చు సరకు గుంతకల్లు మీదుగా అక్కడికి చేరెడిది. రాత్రి ప్లాటుఫారముపై కంబళి కప్పుకొని కూర్చుండగా, బండి వచ్చి నిలిచి, గార్డు డబ్బా ప్రక్కన పార్సిళ్ళు దించుచుండిన వేళ, మూటలు, బుట్టలు, ట్రంకులు అన్నిటి నడుమనుండి సన్నని కిచకిచ రవము వినవచ్చెను. పెట్టె కనబడకమునుపే ధ్వని మమ్ము చేరినది. కూలీలు, టీ అమ్మువాడు, నిద్రించుచున్న ప్రయాణికులు లేచి చుట్టును మూగిరి. అట్టపెట్టె నిండ గుండ్రని రంధ్రములు. ప్రతి రంధ్రమునందును ఒక ముక్కు. లోపల నాలుగు అరలు, అరకు ఇరువదియైదు చొప్పున నూరు పిల్లలు, దారిలో పోవువానికి బదులుగా నూటికి రెండు కొసరు. అన్నియు పసుపుముద్దలే, ఒకదానికిని మరియొకదానికిని భేదము లేదు.

ఇంతదూరము మేతయు నీరును లేక ఇవి ఎట్లు బ్రదికినవని నేనడుగగా చిన్నాయన చెప్పిన మాట నన్ను విస్మయపరచినది. పిల్ల పెంకు పగిలించుకొని వచ్చుటకు ముందు పచ్చసొనలో మిగిలినదంతయు దాని పొట్టలోనికి పోవును. ఆ సద్దికూడుతో అది రెండు మూడు దినములు నిలువగలదు. ఆ ఒక్క సత్యమును ఆధారము చేసికొనియే అమెరికా తపాలాశాఖ 1918 నుండి కోడిపిల్లలను ఉత్తరములతోబాటు పంపుటకు అంగీకరించినదట. అడవిలో ఆలస్యముగా పొదుగబడు తమ్ముల కొరకు తల్లి గూటిలోనే కాచుకొనియుండుటకై ప్రకృతి యిచ్చిన గడువును మనుష్యుడు రైలు ప్రయాణమునకు వాడుకొనెను.

ఇల్లు చేరిన తరువాత ఒక్కొక్క పిల్లను చేతిలోనికి తీసికొని, దాని ముక్కును బెల్లపునీటిలో ఒకమారు ముంచి వదలవలెను; త్రాగుట దానికి నేర్పు తల్లి లేదు గనుక ఆ పాఠము మనదే. తరువాత కాగితముమీద రాగినూక చల్లి, వ్రేలితో టకటక కొట్టినచో ఆ చప్పుడునకు అవి పొడుచుట నేర్చెడివి. రాత్రి లేచి చూచుట నియమము. లాంతరు చుట్టు గుంపుగా ముడుచుకొన్నచో చలి. గంప అంచులకు పారిపోయినచో వేడి. సమముగా పరచుకొని నిదురించినచో సరి. ఒకమారు ఏదో యొక జంక్షనులో పెట్టె దిగక ముందునకు పోయి, మరునాటి బండికి తిరిగివచ్చినది; తెరచి చూడగా సగము అరలు నిశ్శబ్దముగా నుండెను. చిన్నాయన ఆ దినము అన్నము తినలేదు. జేజి చచ్చిన పిల్లలను దిబ్బలో పూడ్పించి, మిగిలిన పిల్లలకు తానే బెల్లపునీరు పట్టెను.

ఆరవ మాసమునకు తెల్లపెట్టలు గుడ్లు పెట్టసాగెను. నాటుపెట్ట ఏడాదికి మూడు నాలుగు కాన్పులుగా యాబదియో అరువదియో గుడ్లు పెట్టుట గొప్ప. ఇది ఎడతెగక పెట్టెడిది. ఊరంతయు వచ్చి చూచిరి. జేజి కూడ ఆ తెల్లగుడ్లను మెచ్చుకొనెను. అంగటిలో ధర బాగుగనే పలికెను. కాని నెలలు గడచినను తెల్లపెట్ట యొక్కటియు పొదుగుటకు రాలేదు. ఈకలు ఉబ్బించుకొనలేదు, సణుగలేదు, ఎవరిని కసరలేదు. గుడ్డు పెట్టి, దానివైపు చూడకయే మేతకు పోయెడిది. గుడ్ల సంఖ్య పెరుగుటకై తరతరములుగా పొదుగు గుణమును వదలించి పెంచిన జాతి యది. తెల్లని ఒళ్ళు గనుక గద్దకు దూరమునుండియే కనబడెడిది. తల్లి కేక విని పెరుగలేదు గనుక నీడ పడినను నిలిచి చూచెడిది.

"దీనికి గుడ్డు పెట్టేది తెలుసు గానీ సంసారం తెలీదు" అని జేజి తీర్పు చెప్పెను.

ఆ తీర్పులో మా పల్లె భవిష్యత్తంతయు ఇమిడియున్నదని ఆ నాడు ఎవరికిని తోచలేదు. నాటుకోడి తన్ను తానే మరల పుట్టించుకొనును. తెల్లకోడి పుట్టవలెనన్న మరల కార్డు వ్రాయవలెను, మరల బండి రావలెను. గూటికి అవసరమైన పిల్ల గూటిలోనే పుట్టు కాలమునకును, ఎక్కడనో పుట్టి పెట్టెలో వచ్చు కాలమునకును సరిహద్దు ఆ డోన్ స్టేషను ప్లాటుఫారమే.

జేజి మాత్రము ఊరకుండలేదు. తెల్లపెట్టల గుడ్లను ఏరి, నల్లపెట్ట పొదుగుటకు వచ్చినపుడు దాని క్రింద పెట్టెను. ఇరువదియొక గీతల తరువాత నల్లని తల్లి వెంట తెల్లని పిల్లలు వాకిట దిగెను. అవి చెదలను ఏరుకొనెను, గద్దకేక నేర్చెను.

కొక్కెర

గడచిన కాలమును మెచ్చుకొనుచు ఒక సంగతిని దాచుట న్యాయము కాదు. వేసవి మొదట ఏదో యొక యింట ఒక కోడి తల వ్రేలవేసి, నోరు తెరచి గాలికి పెనగులాడి, పచ్చగా పారి, మెడ మెలివడి పడిపోయెడిది. "కొక్కెరొచ్చింది" అను మాట పుట్టిన వారమునకు ఊరిలో కూత వినబడెడిది కాదు. ఇంగ్లాండులో న్యూకాసిలు పట్టణమున 1926లోను, మన దేశమున హిమాలయ ప్రాంతపు రాణీఖేతునందు తరువాత రెండేండ్లలోపలను గుర్తింపబడిన తెగులిది. పసుపు, ఉల్లిగడ్డ, వేపాకు, గ్రామదేవతకు చద్దినైవేద్యము, ఏదియు దానిని ఆపలేదు. బాధ్యతగల గృహిణి బ్రదికియున్నవానిని అయినకాడికి కోళ్ళ సాయిబునకు ఇచ్చివేయుటయు, అతడు వానిని మరియొక యూరికి తీసికొనిపోవుటయు, తెగులు వానితో ప్రయాణించుటయు జరిగెడివి. ఒక్క వారములో ఆ ఇల్లాలి అసలు, వడ్డీ రెండును పోయెడివి. సరిపాలుకు పెట్టనిచ్చువారికే పెట్ట లేకపోయెడిది.

ముక్తేశ్వరు పరిశోధనాసంస్థలో తయారైన టీకా క్రమముగా పల్లెలకు వచ్చెను. పశువుల ఆసుపత్రి కాంపౌండరు మంచుగడ్డలు నింపిన ఫ్లాస్కు భుజమున తగిలించుకొని, గూళ్ళు తెరవకమునుపే రావలెనని చీకటితో వచ్చెడివాడు. జేజి ఒక్కొక్క కోడిని తీసి రెక్క విప్పి పట్టుకొనగా అతడు చర్మము క్రింద సూది వేసెడివాడు. మొదట సందేహించిన ఊరు, ఆ యేటి వేసవిలో టీకా పడిన గూళ్ళలో మాత్రము కూత మిగులుట చూచి నమ్మినది. లాంతరును, ఉష్ణమాపకమును నవ్విన జేజి ఆ సూదిని ఎన్నడును నవ్వలేదు.

లారీ కాలము

తరువాతి కథ అందరు నెరిగినదే. హైదరాబాదు చుట్టుప్రక్కల పెద్ద కోళ్ళఫారములు వెలసినవి. బి.వి. రావు మొదలగువారి యత్నముచేత వేంకటేశ్వర హ్యాచరీలు, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘము ఏర్పడి, గుడ్డునకు దేశమంతట దినదినమును ప్రకటింపబడు ధర వచ్చినది. ఏడాదికి మూడువందల గుడ్లు పెట్టు పెట్టలు, ఆరు వారములకే కత్తికి సిద్ధమగు బ్రాయిలరు వచ్చినవి. ముప్పది గుడ్ల అట్టలు లారీలలో దిగగా, మా ఊరి అంగటివాడు ఒడిలోని నాలుగు గుడ్లను కొనుట మానివేసెను. అతని తప్పు లేదు. లారీగుడ్డు అంతకంటె చౌక.

గూటికి చివరి చుట్టము రంగుపిల్లలవాడు. వేసవి సెలవులలో సైకిలు వెనుక జల్లిగంపతో వచ్చి, ఎరుపు, నీలము, ఆకుపచ్చ రంగులద్దిన కోడిపిల్లలను పాత ఇనుమునకు, పగిలిన ప్లాస్టిక్ బిందెలకు ఇచ్చెడివాడు. అవి గుడ్లజాతిలో పుట్టిన పుంజుపిల్లలు. గుడ్డు పెట్టవు, కండ పట్టవు, ఫారమునకు అక్కర లేదు. పిల్లవాండ్రు వానిని చొక్కాలలో దాచుకొని మురిసెడివారు. తల్లి లేదు, లాంతరు లేదు; నాలుగు దినములకు రంగు మాత్రము మిగిలెడిది. గంప క్రింది యింత పెద్ద విద్య ఆటవస్తువుగా ముగియుట అక్కడ చూచితిని.

గూళ్ళు పూడుటకు కారణములు మరికొన్ని కలవు. వాకిళ్ళకు సిమెంటు పడినది; కోడి రెట్టను ఎవరును సహింపరు. చెదలకు మందు కొట్టిరి. కల్లములు పోయి, రాలుగింజలు పోయినవి. పిల్లలు బడికి, అక్కడనుండి పట్టణమునకు పోయిరి; తుమ్మకాయలు ఏరుటకు చేతులు లేవు.

లెక్క

ఇక తూనికకు వత్తము. జేజి కాలమున గుడ్డు పిల్లవాని నోటికి చేరుట అరుదు. అది ఉప్పుగా, కిరసనాయిలుగా మారవలసిన ధనము. నేడు మన రాష్ట్రపు బడులలో వారమునకు అయిదు దినములు మధ్యాహ్నభోజనముతో గుడ్డు పెట్టుచున్నారు. సంగటిలో ఎండుమిరపకాయ కొరికి పెరిగిన మా తరము ఈ యొక్క మార్పునకే కోళ్ళఫారమునకు నమస్కరింపవచ్చును.

స్త్రీల చేతిధనము సంగతియు అట్లే. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి సాయముతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకము కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాలలో నడచి, పొదుపు సంఘములను పెంచినది. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్యసంఘము పేరు రాష్ట్రమంతట ప్రసిద్ధము. గూటిలోని పుంజు బిడ్డ జ్వరమునకు పనికివచ్చెను గాని, బిడ్డ చదువునకు పనికివచ్చునంతటి యప్పు ఏ పెట్టయు ఇయ్యలేదు, సంఘము ఇచ్చినది. ఏ కొక్కెరయు ఆ పొదుపును ఒక్క వారములో తుడిచిపెట్టలేదు.

అయినను ఆ రెండిటికిని భేదము కలదు. సంఘపు ధనమునకు సమావేశము కావలెను, పుస్తకము కావలెను, వాయిదా కట్టవలెను, అందరి కన్నులును దానిమీద నుండును. గూటిలోని ధనము ఎవరి సంతకమును అడుగలేదు. ఆమె చేయి పెట్టి తీసికొనుటయే తీర్మానము. అప్పు తీసికొను శక్తి పెరిగి, అడుగక వాడుకొను చిన్న హక్కు పోయినది. పెద్దది వచ్చుటచేత చిన్నది అక్కరలేదని మనము తలచితిమి గాని, ఆ యిల్లాండ్ర నెవరును అడుగలేదు.

ఇప్పుడు హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ళ పరిశోధనాసంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజా, గ్రామప్రియ అను రకములను తయారుచేసి యిచ్చుచున్నారు. ఈకలకు నాటురంగు, వాకిట తిరిగి మేయు నేర్పు, నాటుకోడికి రెండింతలు మూడింతలు గుడ్లు కలవి. మంచి పని. అయితే వానిలోను పొదుగు గుణము బహుస్వల్పము. పిల్లలు మరల పెట్టెలోనే రావలెను. పిల్లలు పంచిన యేట గూళ్ళు కళకళలాడుటయు, రెండవ యేట పెట్టె రాకున్న వెలవెలబోవుటయు మా వైపు కనులార చూచినదే.

ఈ చిక్కునకు విడుపు మా జేజి యేనాడో చూపినది. ఆమె క్రొత్తదానిని కాదనలేదు, పాతదానిని విడువలేదు. తెల్లగుడ్డును నల్లపెట్ట క్రింద పెట్టినది. ఎక్కువ గుడ్లిచ్చు జాతిని శాస్త్రము ఇచ్చినది, కొక్కెరకు సూదిని శాస్త్రమే ఇచ్చినది. ఆ గుడ్డును పిల్లగా, ఆ పిల్లను కోడిగా మార్చు తల్లి అప్పటికే మా ఊరిలో నుండెను. పథకములు వ్రాసినవారు మొదటి రెండింటిని లెక్కించి మూడవదానిని వెనుకబాటుతనముగా కొట్టివేసిరి. నేడయినను పది మేలురకపు పిల్లలతోబాటు పొదుగు గుణముగల ఒక నాటుపెట్టను కూడ గృహిణి చేతిలో పెట్టినచో, మరుసటి యేటి పిల్లలకై ఆమె ఏ కార్యాలయమునకును అర్జీ పెట్టుకొనవలసిన పని యుండదు. అరుగు క్రింద కన్నము లేకున్నను నష్టము లేదు. ఒక పాత గంప చాలును.